సొన్నప్ప భుజం మీద కరెంటు తీగ

చందాపుర దాటాక వచ్చే చెరువు కట్ట మీద మునిలక్ష్మికి టీ అంగడి ఉంది. ఆ సాయంత్రం ఆమె చెయ్యి టీ తిరగబోస్తోందే గానీ, చూపంతా పడమటి ఆకాశం మీదే ఉంది. అంగడి లోపల గంప కింద రెక్క విరిగిన తెల్లటి పక్షి ఒకటి ముడుచుకుని కూర్చుంది. దానితోపాటు పడిన ఇంకొకటి బతకలేదు.

చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి వచ్చే సముద్రపు పక్షుల జాతివి అవి. పగలంతా ఊరి చుట్టూ మేతకు తిరిగి, పొద్దు వాలే వేళకు గుంపుగా చెరువు చేరతాయి. చెరువుకు అడ్డంగా కరెంటు తీగలున్నాయి. పక్షికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎగిరేటప్పుడు చూపు కింది నీళ్ళ మీద ఉంటుంది. ఎదురుగా ఉన్న సన్నటి తీగ దగ్గరికొచ్చేదాకా కనబడదు, కనబడ్డాక ఒళ్ళు తిప్పుకునే వ్యవధి ఉండదు. నిన్న జరిగింది అదే.

"రిఫ్లెక్టర్లు రెడీగా ఉన్నాయి ఆంటీ," అంది వర్షిణి. సిటీలో, హూడి వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే ఈ చెరువుకు వచ్చే పిల్ల. "తీగకు తగిలిస్తే ఊగుతూ మెరుస్తాయి, బర్డ్స్‌కి దూరం నుంచే కనిపిస్తాయి. కానీ కరెంటాఫీసు వాళ్ళు లైన్ ఆఫ్ చేసేది రేపు పొద్దున్నేనంట."

"మరి ఈ పొద్దు?" అంది మునిలక్ష్మి.

అలాంటి ప్రశ్న దొరికితే సొన్నప్ప వదులుతాడా? కరెంటాఫీసు జీపు నడిపి రిటైరైనవాడు. బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నాడు.

"ఈ పొద్దుకు నేనుండానే! పోయిన యేడు ఒక పక్షి సరాసరి తీగ మీదికే వస్తా ఉండాది. నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక ఈల కొట్టినా. అంతే, పక్కకు తిరిగిపాయ."

"అంతవరకు నమ్మొచ్చులే," అన్నాడు చిక్కమునియప్ప. టెంపోలో ఎళనీరు, అంటే కొబ్బరి బోండాలు అమ్మే ముసలాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వెనక గుంపంతా ఉండాది! ఎన్నింటికని ఈల కొట్టేది? నిచ్చెన లేదు, ఏమీ లేదు, సరసరా స్తంభం ఎక్కేసినా. చొక్కా విప్పి ఒక్క ఊపు ఊపితే ఆ గాలికి గుంపులో సగం పోయి అంత దూరంలో ఉండే అత్తిబెలె ఊళ్ళో దిగినాయి."

"మిగతా సగం?" అన్నాడు చిక్కమునియప్ప.

"అక్కడే ఉండాది కథ! అవి మరీ కిందుగా వస్తా ఉండాయి. ఇంక లాభం లేదని తీగను ఎత్తి భుజాన పెట్టుకున్నా."

"అంకుల్! కరెంటు?"

"పోతా ఉండాదమ్మా, ఒంట్లోంచే పోతా ఉండాది! ఈ చేతిలో బల్బు పెట్టుంటే వెలిగుండును. ఆ పొద్దు చందాపురలో ఏ ఇంట్లోనూ లైటు వెలగలే, ఎందుకో ఎవరికీ తెలీదు. పక్షులన్నీ నా చంకల కింద నుంచి వరసగా దూరి పాయ. ఆఖర్న వాటి నాయకుడు వచ్చి నా నెత్తి మీద కూర్చుని, 'సొన్నప్పా, తీగ కాడికొస్తే తల ఎత్తాలని మా పిల్లలకు నేర్పియ్యప్పా' అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేర్పించినా. అందుకే చూడండి, మొన్నటి నవంబరంతా ఒక్కటన్నా పడిందా? చెప్పండి, పడిందా?"

మునిలక్ష్మి చేతిలో గ్లాసు ఆగిపోయింది. నిజమే, పడలేదు. తీగలు అప్పుడూ ఉన్నాయి, పక్షులూ వచ్చాయి. మరి అప్పుడు ఉండి, ఇప్పుడు లేనిది ఏమిటి? ఆమె తీగల ఇవతల, కట్ట మీదున్న రెండు వేపచెట్ల కొసలకేసి చూసింది. నవంబరు ఒకటిన, కన్నడ రాజ్యోత్సవానికి కుర్రోళ్ళు కట్టిన ఎరుపు పసుపు జెండాల తోరణం నెలంతా అక్కడే రెపరెపలాడింది. పక్షులు దాన్ని చూసి పైకి లేచేవి. లేచిన ఊపులోనే తీగలూ దాటేవి.

"సొన్నప్పన్నా, మొన్న నీ మనవరాలి నామకరణం పందిట్లో ఎరుపు పసుపు తోరణం చూసినానే. అది ఎక్కడిది?"

సొన్నప్ప కాలు మీద కాలు దిగింది. "అదా... సుమ్నే, ఊరికే ఎండకు పాడైపోతాదని..."

"విప్పినావా, కోసినావా?"

"ముడి రాలేదమ్మా."

తిట్టడానికి కూడా టైము లేదు. తోరణం ఇంకా ఆ పందిట్లోనే ఉంది. వర్షిణి స్కూటర్ మీద పోయి తెచ్చింది. టెంపో మీదికెక్కి చిక్కమునియప్ప ఒక కొస వేపకొమ్మకు కట్టాడు. పొద్దు పడమట నేలను ముట్టుకుంది. రెండో కొస రెండో చెట్టుకు అందలేదు. కోసిన చోట పొట్టిదైపోయింది మరి.

"తీగను భుజానికెత్తినోడివి, తాడు పట్టుకోలేవా? ఎక్కు," అంది మునిలక్ష్మి.

రెండో చెట్టు ముందు నిలిపిన టెంపో మీద, తాడు కొస కట్టిన వెదురు కర్ర ఎత్తిపట్టుకుని సొన్నప్ప నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

వచ్చాయి. ముందు చుక్కల్లా, తర్వాత తెల్లటి బట్ట పరిచినట్టు. కిందుగా, సూటిగా. మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. గాలికి తోరణం ఒక్కసారి ఎగిసింది. ముందున్న పక్షి తల ఎత్తింది. దాని వెనక గుంపంతా అలలాగా పైకి లేచింది. జెండాలు దాటాయి, తీగలూ దాటాయి, ఒక్కొక్కటే నీళ్ళ మీద వాలాయి. గంప కింద పక్షి కీచుమని పలకరించింది.

"పోయినాయా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు సొన్నప్ప. "దిగేదా నేను?"

"ఉండప్పా, కదలొద్దు," అన్నాడు కింద నుంచి చిక్కమునియప్ప. "అన్నీ పోయినాయి గానీ, వాళ్ళ నాయకుడు నీ నెత్తి మీద కూర్చునేకి ఇంకా చోటు చూసుకుంటా ఉండాడు."