పండుం దాకా ఆగిన మామిడికాయ

1919వ సంవత్సరం జూలై నెల 7వ తేదీన కోంటాలోని సంస్థాన పాఠశాలలో బాలికల తరగతికి ఉపాధ్యాయినిగా చేరిన శ్రీమతి శ్రీరంగం రామసుబ్బమ్మగారు, ఇరవై ఎనిమిదేళ్లకు మూడు నెలలు తక్కువగా సేవ చేసి, ఈ మార్చి 31న పదవీ విరమణ చేస్తున్నారు.

వారి తండ్రిగారు భద్రాచలం దగ్గర వీధిబడి నడిపేవారు. అక్కడ నీతి అంటే పద్యం. పద్యం తప్పితే బెత్తం. ఆపైన రాయపూర్ శిక్షణలో రామసుబ్బమ్మగారికి నల్లబల్ల, బొమ్మల అట్టలు పరిచయమయ్యాయి. నోటికి రాని మాట గుర్తుండదనీ, కంటికి కనబడని మాట అర్థం కాదనీ నమ్మిన వారు, చేరిన రోజున ఒక చేత బెత్తం, మరొక చేత బొమ్మలు పట్టుకుని తరగతిలో అడుగుపెట్టారు.

మొదట్లో వర్తకుల ఇళ్ల పిల్లలే వచ్చేవారు. రామసుబ్బమ్మగారు సెలవు రోజుల్లో దోర్లా తెగవారి గూడేలకు నడిచి వెళ్లి, ఇంటింటా బతిమాలగా, తాము చేరిన ఐదో ఏట ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. వారు నిలిస్తేనే గూడెం నుంచి మరొకరు వస్తారు. అటువంటి ముగ్గురినీ పంతులమ్మగారే స్వయంగా పోగొట్టుకోబోయారు.

ఆనాటి నీతి పాఠం ఆశను అణచుకోవడం గురించి. పాఠం బాగా అప్పజెప్పినందుకు బహుమానంగా రామసుబ్బమ్మగారు తమ పెరట్లోని లేత మామిడికాయలు కోసి, ఉప్పూకారం అద్ది అందరికీ పంచారు. దోర్లా పిల్లలు ముగ్గురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. దేవే అనే పిల్ల గుటకలు మింగుతూనే తల అడ్డంగా ఊపింది. పెట్టినది తినకపోవడం పొగరని తలచిన పంతులమ్మగారు వారిని ఎండలో నిలబెట్టారు. మర్నాడు వారు రాలేదు. దేవే నాయనమ్మ వచ్చింది; ఆమె పేరు కోసే.

"ఏంది పంతులమ్మా, ఆశ ఆపుకొమ్మని చదివిస్తివంట. ఆపుకున్నందుకు ఎండల నిలబెడ్తివంట. ఇదేం బడి?"

కొత్త మామిడికాయను పండుం అనే తమ పండుగ నాడు అమ్మతల్లికి పెట్టనిదే ఆ గూడెంలో ఎవరూ ముట్టరని అప్పుడు తెలిసింది.

"తప్పయింది పెద్దమ్మా. పిల్లల్ని పంపు."

"నోటితోని అంటే అయితదా? మా పండుం దాకా నువ్వు గూడ ముట్టకు. అప్పుడు పంపుత. మీ ఉగాది వస్తది గద, జూద్దాం తీ!"

ఉగాది నాలుగు రోజుల్లోనే వచ్చింది. రామసుబ్బమ్మగారు తమ వంతు పచ్చడిని మామిడికాయ వేయకుండా విడిగా కలుపుకున్నారు.

"మామిడికాయ లేని ఉగాది పచ్చడేందే? నీ పుస్తకాల్లో రాశారా?" అన్నారు అత్తగారు.

"లేదత్తయ్యా. కోసే పెద్దమ్మ చెప్పింది."

"అయితే తప్పు చేసింది నువ్వు, నేను కాదు. నా గిన్నెలో రెండు ముక్కలు ఎక్కువ వెయ్యి!"

ఇంకో పన్నెండు రోజులకు పండుం అయింది. మర్నాడే పిల్లలు ముగ్గురినీ వెంటబెట్టుకుని కోసే పెద్దమ్మ మామిడికాయల గంపతో వచ్చి, "ముట్టలేదని మీ అత్త సంతల చెప్పింది. ఇంగ తిను," అంది. మొదటి ముక్క దేవే అందించింది. మరుసటి ఏడు ఆ గూడెం నుంచి పదకొండు మంది చేరారు. ఆ బెత్తం అప్పటినుంచి దేశపటం తగిలించడానికే పనికివస్తున్నది.

1931లో ప్రధానోపాధ్యాయిని అయ్యాక, నీతి పుస్తకం తెరిచే ముందు ప్రతి పిల్లా తన ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలనే నియమం పెట్టారు. ఇది ఏ గ్రంథంలో ఉందని తనిఖీ అధికారి అడిగితే, "కోసేగారి దగ్గర నేర్చుకున్నానండి," అన్నారు. పాపం, ఆయన ఎవరో గొప్ప విద్యావేత్త అనుకుని ఆ పేరు రాసుకుని వెళ్లారు.

ఈ సన్మాన సభ విందుకు మేము మామిడికాయ పులిహోర అనుకున్నాం. రామసుబ్బమ్మగారు జాబితా చూసి ఆ ఒక్క పదార్థం కొట్టివేసి, "పండుం వచ్చే వారం కదమ్మా," అన్నారు. ఇప్పుడు మన పాఠశాలలోనే రెండో తరగతి చెబుతున్న దేవేగారు పక్కనే నిలబడి నవ్వారు.

వచ్చే వారం దేవేగారు తెచ్చే తొలి మామిడికాయను, ఆపైన ఏటేటా వచ్చే కొత్త కాయను, గట్టి పళ్లతో, చల్లని మనసుతో, నూరేళ్లు నిండేదాకా కొరుకుతూ రామసుబ్బమ్మగారు మన మధ్య ఆరోగ్యంగా ఉండాలని పాఠశాల యావత్తూ మనసారా కోరుకుంటున్నది.