కథలో నేను పోయాను

మా అమ్మాయి కథలు రాస్తుంది. ఇది దాని పుట్టినరోజు నెలట, అందుకని ప్రతి ఆదివారం ఒక స్నేహితురాలి ఇంట్లో ఒక కథ చదువుతోంది. నిన్న చప్పట్లు ఆగీ ఆగకముందే దాన్ని వంటింట్లోకి లాక్కెళ్లాను.

"ఏమే, నన్ను చంపేశావేంటే?"

"అది కథమ్మా."

"కథైతే అందరూ అలా ఏడ్చారేం? ఆ కళ్ళజోడు పిల్ల నా చెయ్యి పట్టుకుని, మీరేమవుతారండీ అంది. పిన్నినన్నాను."

"పిన్నివా? ఎందుకూ?"

"అమ్మనంటే నువ్వు అబద్ధాలకోరువనుకోరూ? సరేగానీ, నిజం చెప్పు. నా రిపోర్టు చూసి డాక్టరు ఏదో చెప్పాడు, దాస్తున్నావు. లేకపోతే నెలంతా పుట్టినరోజేంటి?"

"ఒట్టమ్మా. నీకేం లేదు."

"అయితే నీకా?"

"నాకూ లేదు! సరదాకి చేసుకుంటున్నాను."

"మరి అంత దారుణం ఎందుకు రాశావే?"

"నువ్వు ఫోనెత్తకపోతే ప్రతిసారీ నాకు అదే తోస్తుంది. రాసేస్తే జరగదనిపించి రాశాను."

"అయ్యో పిచ్చిదానా. నా దిగులు జబ్బే నీకూ అంటుకుందీ!"

"ఇప్పుడు నువ్వు ఏడవకు."

"ఏడవట్లేదు. మరి మీ నాన్న మీద రాయలేదేం?"

"రాశాను. అందులో ఆయన మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ హాయిగా ఉంటారు."

"హాయిగానా? అంటే ఆయన గురించి నీకు దిగులే లేదా?"

"అమ్మా!"

"మెల్లగా, పిన్నీ అను. బయట అందరికీ కేకు పంచుతున్నారు పాపం, వింటే బాధపడతారు."