మూడో దెబ్బకి పడాలి

చిన్న కథే నికానోర్, రెండు ముక్కల్లో చెప్పి పోతాను. అయినా నీ పక్క సమాధి మీద ఆ ప్లాస్టిక్ పువ్వులేంటయ్యా? బ్రిహిదా పనే కదూ! మొగుడు బతికుండగా సూపులో నీళ్ళు కలిపింది. పోయాక పువ్వులకి పోసే నీళ్ళు కూడా మిగుల్చుకుంది.

సరే, ఏం చెబుతున్నాను? నీ చోటు గురించి.

పునీత యోహాను పండుగనాడు ముస్లిం మూర్లకీ క్రైస్తవులకీ జరిగే కత్తియుద్ధం ఆటలో మీ తాత మూరు, మీ నాన్న మూరు, నువ్వూ మూరువే. ఏటేటా ఓడిపోయి ఊరందరి ముందూ పడి చావడం మీ ఇంటి హక్కు! ఏం హక్కయ్యా అది? అయినా మన గోడ మీద డాలు ఉన్నదాకే కదా ఆ రోజు మీ ఇంటిపేరు పిలిచేది. మనకా మగపిల్లాడు లేడాయె.

నీకోసం ఏడ్చిన కళ్ళు ఇంకా ఆరలేదు, కత్తి నేర్పే టిబుర్సియో వచ్చి కూర్చున్నాడు. మన ఇంటి మొక్కజొన్న తమాలెలే తింటూ, "వదినా, ఆ డాలు ఇచ్చెయ్. హిలారియో మేనల్లుడు ఎవెలియో మూరు వేషం కడతాడు" అన్నాడు. ఎవడూ? మీసాలకి నూనె రాసుకుని తిరుగుతాడే, వాడే!

"నేను దిగుతాను" అన్నాను.

"ఆడదానివి, నీకు కత్తేం వచ్చు?"

"ఇన్నేళ్ళూ దొడ్లో నికానోర్‌తో సాధన చేసింది ఎవరనుకున్నావు, కోళ్ళా?"

ఫాదర్‌ దాకా వెళ్ళింది గొడవ. ముఖానికి ముసుగుంటుంది కదా, ఈ ఒక్కసారికి దిగనివ్వండి, సరిగ్గా చేస్తే డాలు ఆవిడ దగ్గరే ఉంటుంది అన్నాడాయన.

దిగాను. క్రైస్తవుడి వేషంలో నీ జోడీ హిలారియో ఎదురొచ్చాడు. వాడికంటే ముందు వాడి పొట్ట వచ్చింది. మొదటి దెబ్బ డాలు మీద. రెండోదీ డాలు మీదే. మూడోదానికి డాలు వదిలేసి వెల్లకిలా పడాలి. ఊరందరికీ తెలుసు. నాకు తెలీదూ?

కానీ నువ్వేం చేశావయ్యా దొడ్లో? పడేది నేర్చుకోవాలని ప్రతిసారీ నన్ను క్రైస్తవుణ్ణి చేశావు. నేను కొట్టడం, నువ్వు పడటం. ఒక్కసారైనా "ఓబ్దూలియా, ఈసారి నువ్వు పడు" అన్నావా? నా నడుం పట్టేస్తుందట! మహా ప్రేమ!

వాడు మూడో దెబ్బకి కత్తెత్తాడు. నా చెయ్యి తనకొచ్చిందే చేసింది. డాలుతో కత్తిని తోసి, ఒక అడుగు లోపలికేసి, భుజం మీద ఒక్కటి వేశాను. హిలారియో వెల్లకిలా పడ్డాడు.

"వదినా, పడాల్సింది నువ్వు!" అన్నాడు కింద నుంచే.

డప్పులు ఆగిపోయాయి. జకాతెకాస్ పట్నం నుంచి వచ్చిన జనం మాత్రం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు?

సాయంత్రమే వచ్చి డాలు పట్టుకుపోయారు. ఎవెలియోకి ఇచ్చేశారు. గోడ మీద దాని మరక మిగిలింది.

మొన్న మళ్ళీ టిబుర్సియో వచ్చాడు. ఎవెలియోకి పడటం రావడం లేదట. నువ్వు పడేది దగ్గర్నుంచి చూసింది నేనేనట, నేర్పాలట.

సోమవారం మొదలుపెట్టాం. మన దొడ్లోనే. కొట్టేది నేనే.