నవ్వకుండా విన్న పెద్దక్క

అధ్యక్షులు సూపరింటెండెంట్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఉతుకుడు గది అన్నలకు, ఇస్త్రీ గది వదినలకు, డ్యూటీ దిగి కాళ్లు పీకుతున్నా ఇళ్లకు పోకుండా కూర్చున్న మా మడతల గది అక్కలకు నమస్కారం. ఈరోజు రిటైరవుతూ, కొత్త చెప్పులు కరుస్తున్నాయని బల్ల కింద విప్పేసుకున్న మా పెద్దక్కకు ప్రత్యేకంగా నమస్కారం. (నవ్వులు) ఫరవాలేదక్కా, అలాగే ఉండు.

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలందరూ అక్కను 'అలుపెరుగని మనిషి' అన్నారు. తప్పుగా అనుకోకండి, ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇన్నేళ్లు ఈ ఆసుపత్రి దుప్పట్లు మడిచిన మనిషి అలిసిపోకుండా ఎలా ఉంటుంది? అలిసిపోయేది. పక్కనే నిలబడి చూశాను. నేనూ అలిసే ఉన్నాను, మాట తడబడితే మన్నించండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతులు బరువెక్కే వేళ, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు మడతలు పెట్టడం మా గదిలో పాత అలవాటు. నేను చేరాక ఆ పని నాకొచ్చింది. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేనే, మా వాళ్లకు పుస్తకమంటే పరీక్షే. అందుకే మొన్నీమధ్య ఒక నవల మొదలుపెట్టి నేను పగలబడి నవ్వుతుంటే మా అమ్మ వచ్చి నుదురు తాకి చూసింది. "చదువుకుంటూ నవ్వుతావేంటే? ఒంట్లో బాగానే ఉందా?" అంది. ఆ నవలనే మా గదికి తెచ్చాను.

అందులో ఒక రాక్షసుడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. ఆ చిలక ఉత్త వాగుడుకాయ. చంపడానికి వచ్చిన వీరులు దాని సోది భరించలేక, రాక్షసుడితో యుద్ధమే నయమని గుహకు వెళ్లిపోతారు. (నవ్వులు) పాపం రాక్షసుడికేమో మోకాళ్ల నొప్పులు. అయినా వీరుడు వచ్చినప్పుడల్లా లేచి గర్జించాలి. ఇక చాలిస్తానంటే ఊరివాళ్లు నొచ్చుకుంటారు. "తాతల కాలం నుంచి మీకే భయపడుతున్నాం, ఇప్పుడు మానుకోమంటే ఎలాగండీ?" అంటారు.

ఇలాంటివి ఉత్త కాలక్షేపం పుస్తకాలని కాలేజీలో మా మాస్టారు అనేవారు. నేనూ తలూపాను. కానీ అలిసిపోయినవాళ్లకు కాలం గడవడమే పెద్ద పని అని మడతల గదికి వచ్చాకే తెలిసింది. రాత్రి డ్యూటీ పడ్డవాళ్లు ఆ వారం కథను పోగొట్టుకునేవారు. డ్యూటీ మారేటప్పుడు వాళ్లకు కథ చెప్పే బాధ్యత పెద్దక్కది. అక్క ఉన్నది చెబితే కదా! రాక్షసుడు సెలవు చీటీ పెట్టుకున్నాడని, పైవాళ్లు చించేశారని తనే కల్పించి చెప్పేది. ఆ అక్కలు మళ్లీ పగటి డ్యూటీకి వచ్చి నా మీద గొడవ. "ఏమే చదువులమ్మా, సెలవు చీటీ సంగతి మింగేశావేంటి?" పుస్తకంలో లేదంటే, "అయితే పుస్తకమే తప్పు" అని తేల్చేశారు. (నవ్వులు)

పెద్దలకు తెలియని సంగతి ఒకటి. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. నా జోడీ పెద్దక్క. నేను చదువుతుంటే అక్క ఒంటరిగా, దుప్పటి అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాచి, నా పని కూడా తనే చేసేది. గదంతా కడుపు పట్టుకుని నవ్వుతున్నా ఆ ముఖం బిగుసుకునే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "నీకు నచ్చలేదా అక్కా?" అని.

"నచ్చకపోవడమేంటే? నవ్వితే గడ్డం లేస్తుంది. దుప్పటి కింద పడితే మళ్లీ ఉతకాలి. ఎవరు ఉతుకుతారు, నీ రాక్షసుడా? ఇంటికెళ్లి నవ్వుకుంటాలే."

"నవ్వుకున్నావా మరి?"

"ఎక్కడే! ఇంటికెళ్లేసరికి నిద్ర ముంచుకొస్తుంది."



నవలలో ఒక చోట రాక్షసుడు గర్జించకుండా గుహ గడప మీద చతికిలబడతాడు. కూర్చున్న రాక్షసుణ్ణి ఏం చేయాలో తెలియక వీరుడు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. అక్కడ మాత్రం మా గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒక్క అధ్యాయమే మిగిలింది. ఈ వారం మూట మీద మూట వచ్చిపడి చదవడం కుదరలేదు. రేపటి నుంచి అక్క బయటి మనిషి, బయటివాళ్లు మడతల గదిలోకి రాకూడదని నియమం.

సూపరింటెండెంట్ గారూ, నా మనవి ఇదే. రేపు ఒక్క మధ్యాహ్నం అక్కను లోపలికి రానివ్వండి. కుర్చీ మేమే వేస్తాం. నా జోడీ పని అక్కలు తలా కాస్త పంచుకుంటామన్నారు. అక్కను దుప్పటి ముట్టుకోనివ్వం.

(పెద్దక్క: "ఊరికే కూర్చోవడం నాకు చేతకాదే!")

చేతకాకపోతే నేర్చుకో అక్కా. (నవ్వులు) అధ్యక్షులవారు తల ఊపారు. అది సరేననో, ఇక దిగమనో నాకు తెలియదు. సరేననే తీసుకుంటున్నాను, మీరంతా సాక్షులు.

చివరి అధ్యాయం నేనూ చదవలేదక్కా, నీతోపాటే విందామని ఆగాను. అందులో నవ్వుందో ఏడుపుందో తెలియదు. ఏదైనా సరే, రేపు నీ గడ్డం నీదే.

ఇంత అలసటలోనూ ఓపిక పట్టి విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక కాళ్లు చాపుకోండి. సెలవు.