సాగర్ కట్ట మీద పట్టిన నిశ్శబ్దం

మాచర్ల రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న టీకొట్టు నాదే. నా పేరు చాంద్ బాషా. ఇక్కడ నా పొయ్యి ఆరిన రోజులున్నాయి గానీ, పైపుల షాపు శ్రీమన్నారాయణ గారి నోరు ఆగిన రోజు లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన చెప్పులు విడిచి బల్ల మీద కాళ్ళు మడిచి కూర్చోగానే, ఒక పూట గడిచిపోతుందని నాకు తెలిసిపోయింది.

అయితే ఆ రోజు సంగతి వేరు. 'ఆకాశగండం' సినిమా యాభై రోజులాడింది. విజయవాడలో సభ. అక్కడ సంగీత దర్శకుడితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడే పాసు మా ఊరి అభిమాన సంఘానికి ఒక్కటే వచ్చింది. సంఘం కార్యదర్శి, ఎలక్ట్రీషియన్ సుధీర్ బాబు దాన్ని జేబులో పెట్టుకుని, "ఎవరికి గట్టి కారణముంటే వాళ్ళకిస్తా, చెప్పండి" అన్నాడు.

చర్చిలో కీబోర్డు వాయించే హెప్సిబా ప్రార్థన అవగానే నేరుగా వచ్చింది, భుజాన కీబోర్డు సంచి కూడా దించలేదు.

"అన్నా, ఆఖర్లో పెద్ద పక్షి కూలిపోయినప్పుడు పన్నెండు సెకన్లు మ్యూజిక్ ఆగిపోద్ది గదా. తర్వాత ఒక్క ఫ్లూటు మొదలైద్ది. అది కొత్తగా మొదలైనట్టుండదు, ఇందాకటి నుంచీ వింటున్నట్టే ఉంటది. నెల రోజుల్నించి వాయించి చూస్తన్నా, నాకట్టా రావట్లా. ఎట్టా చేశాడో ఆయన్నే అడగాల. అంతే అన్నా."

నా చేతిలో ఉంటే ఆ పాసు అక్కడికక్కడే ఇచ్చేసేవాణ్ణి.

"ఆయన్నెందుకమ్మా అడగటం, నన్నడుగు," అన్నారు శ్రీమన్నారాయణ గారు. "ఆ పన్నెండు సెకన్లూ నాయే."

"నీయేంది బాబాయ్?" అన్నాడు సుధీర్ బాబు.

"ఆ నిశ్శబ్దం. ఇచ్చింది నేను. అందుకని పాసు నాకే రావాల. నేనేం పెద్ద పని చేశాననట్లా, ముందు దారి చెప్పానంతే. రెండేళ్ళ కిందట నకరికల్లులో మోటారు దింపి వస్తన్నా. రోడ్డు పక్కన నల్ల కారు ఆగుంది. చెవులకి ఇంతింత హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకాయన, ఈ మ్యూజిక్ డైరెక్టరే, దిగి 'సార్, ఇక్కడెక్కడన్నా చప్పుడు లేని చోటుందా?' అన్నాడు. ఎవడన్నా టిఫిను యాడ దొరికిద్దని అడుగుతాడు, ఈయనేంది ఇట్టా అడుగుతాడని నాకూ వింతగానే ఉంది. ఎందుకు సార్ అంటే చెప్పాడు పాపం. చెన్నైలో నిశ్శబ్దం రికార్డు చేస్తే అందులో ఏసీ మోగుతుందంట, హైదరాబాదులో చేస్తే హారన్ మోగుతుందంట. పక్షి చచ్చిపోయే చోట వేసుకోటానికి మంచి నిశ్శబ్దం కావాలంట."

"నిజంగానే రికార్డు చేస్తారు అన్నా," అంది హెప్సిబా. "నేను చదివా. ఉత్త ఖాళీ వదిలేస్తే, స్పీకర్లు పోయినయ్యేమో అనుకుంటారంట జనం."

"విన్నారా! చదువుకున్న పిల్ల చెప్తంది," అని ఆయన ఇంకాస్త ముందుకు జరిగారు. తనకు పోటీ వచ్చినవాడికే ఆ పిల్ల సాక్ష్యం చెప్పింది. అమాయకురాలు.

"సరే, నకరికల్లులోనే ఒక మిరప కల్లానికి తీసుకుపోయా. మిట్టమధ్యాహ్నం, పురుగు లేదు. ఆయన మైకు పెట్టి ఆహా అంటన్నాడు. నేను ఆపమన్నా. 'సార్, ఇది స్వచ్ఛమైంది కాదు, కాయ ఎండుతున్న చప్పుడు కలిసింది' అన్నా. నమ్మలా. మిషన్లో వెనక్కి తిప్పి వింటే చిటపటా చిటపటా! పదిహేను బస్తాల కాయ ఎండుతున్న చప్పుడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. పెద్దోడివి, వద్దని నేనే లేపా."

"కాయ ఎండితే చప్పుడా?"

"నీకు వినపడదు సుధీరూ. పొద్దస్తమానం ఫ్యాన్లు బాగు చేసే చెవులు నీయి. ఇంక లాభం లేదని సాగర్ డ్యాం దగ్గరికి, విజయపురి సౌత్ తీసుకుపోయా. డ్యాం కట్ట మీద నిలబడి కృష్ణమ్మతోనే చెప్పా. 'అమ్మా, పన్నెండు సెకన్లు. సినిమావాళ్ళు, చానా దూరం నుంచి వచ్చారు' అని. ఆగింది! గేట్లలోంచి దూకే నీళ్ళు దూకినట్టే గాల్లో నిలబడ్డయ్. చేపలు తలకాయలు పైకి పెట్టి, ఏమైందబ్బా అని చూస్తన్నయ్. అవతల గట్టు మీద తెలంగాణోళ్ళు గూడా దగ్గు ఆపుకున్నారు."

నేను ఊరుకోలేకపోయాను. "ఆపుకోమని వాళ్ళకెవరు చెప్పారు సార్?"

"చెబితే చప్పుడవదా భాయ్? సైగ చేశా. ఇహ చూడండి, అంత నిశ్శబ్దం ఆయన మిషన్లో పట్టలా. నా అన్నం క్యారేజీ ఖాళీగా ఉంటే మూత తీసి పట్టా. నాలుగు గిన్నెలూ నిండినయ్."

"మరి ఆయన కార్లోనే తీసుకుపోవచ్చుగా?" అంది హెప్సిబా.

"కార్లో ఏసీ గదమ్మా, నిశ్శబ్దం పాడైపోదూ? అందుకే నేను బస్సెక్కా. పై గిన్నె మూత కొంచెం లూజు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కండక్టరు నోరాడుతుంది, మాట రాదు. డ్రైవరు హారన్ నొక్కుతానే ఉన్నాడు, గేదెలు రోడ్డు దిగవు. వెనక సీట్లో చంటిది ఏడుస్తంది, వాళ్ళమ్మ హాయిగా నిద్రపోతంది. స్టాపులు అరవటానికి లేక, దారిలో దిగాల్సినోళ్ళంతా మాచర్ల దాకా వచ్చి దిగారు. అదే క్యారేజీతో చెన్నై పోయా. హీరో మైకు ముందు నిలబడున్నాడు. పక్షి కూలిపోగానే ఆయన గుండెలు బాదుకుని అరవాల, పేజీన్నర డైలాగుంది. నేను తీశా మూత! మనిషి అరుస్తన్నాడు, మెడ నరాలు ఉబ్బినయ్, గొంతు వస్తే గదా! డైరెక్టరు గంతేశాడు. 'ఇదే ఉంచుదాం' అన్నాడు. హీరో కళ్ళతోనే నటించాడని ఊరంతా మెచ్చుకుంటంది గదా, ఎందుకు కళ్ళతో నటించాడు? నోరు పనిచెయ్యక!"

"బాబాయ్, మైకు ముందంటే డబ్బింగు గదా. కళ్ళు షూటింగులోవి," అన్నాడు సుధీర్ బాబు.

"అందుకే కోట సెట్టు మొత్తం మళ్ళీ వేసి, నన్ను షూటింగుకి గూడా పిలిచారు! మాంత్రికుడి వేషం వేసినాయన పాపం హీరో పక్కనే నిలబడ్డాడు, ఆయన డైలాగులు రెండు పేజీలూ పోయినయ్. ఇప్పటికీ నామీద కోపమే."

సుధీర్ బాబుకి ఆ హీరో అంటే ప్రాణం. హీరో కళ్ళ మాట వచ్చేసరికి కరిగిపోయి, పాసు బయటికి తీశాడు. "అబద్ధమైతే అయిందిలే. ఆయన ముందు ఈ కథ చెబితే, మాచర్ల పేరు జన్మలో మర్చిపోడు," అన్నాడు.

హెప్సిబా ముఖం చిన్నబోయింది. నాకు సుధీర్ బాబు మీద ఒళ్ళు మండింది. ఆ పిల్ల మాత్రం కోప్పడలేదు, ఏదో తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"బాబాయ్, కట్ట మీద నిశ్శబ్దం పడుతున్నప్పుడు నువ్వు మైకు పక్కనే ఉన్నావా?"

"ఆనుకునే ఉన్నా."

"పన్నెండు సెకన్లూ మాట్లాడలా?"

"మాట్లాడితే పడిద్దా అమ్మాయ్?"

"అయితే ఇప్పుడొక్కసారి అట్టా ఉండు. పన్నెండు సెకన్లు. ఉంటే పాసు నీదే, నేనింక అడగను."

పన్నెండు సెకన్లు ఎంతసేపు గనక? పసిపిల్లాడైనా ఉంటాడు. తొందరపడిందనుకున్నాను. ఫోనులో గడియారం పెట్టి, ఊఁ అంది.

ఆయన పెదాలు బిగించారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా కొట్లో పాలు పొంగుతున్న చప్పుడు నాకే వినిపించింది. బల్ల మీద పేపరు రెపరెపలాడింది. స్టేషన్లో ఎవరో బకెట్ కింద పెట్టారు. హెప్సిబా కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి వింటోంది. శ్రీమన్నారాయణ గారి బుగ్గలు ఉబ్బాయి. మోకాళ్ళు రుద్దుకున్నారు. నావైపు చూశారు, సుధీర్ బాబు వైపు చూశారు, మేమిద్దరం తననే చూస్తున్నామని తెలిసేసరికి ముఖమంతా వెలిగిపోయింది.

"చూశారా!" అని ఎగిరి లేచారు. "ఇట్టా నోరు మూసుకుని కూర్చోటం ఈ పల్నాడు మొత్తంలో ఇంకెవడి వల్లన్నా అయిద్దా?"

హెప్సిబా కళ్ళు తెరిచి ఫోను ఇటు తిప్పింది. "తొమ్మిది, బాబాయ్."

నేను నవ్వీ నవ్వీ చేతిలో టీ ఒలకబోసుకున్నాను. సుధీర్ బాబు పాసు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శ్రీమన్నారాయణ గారు నెమ్మదిగా కూర్చుని, టీ అందుకుని, గొంతు సవరించుకున్నారు.

"నేనిచ్చింది తొమ్మిదేనమ్మా. మిగతా మూడూ ఆయన సొంతంగా కలుపుకున్నాడు. యాడ కలిపాడో, ఎట్టాగూ పోతన్నావుగా, కనుక్కునిరా."