లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లిన ఈటె

"ఎగిరిందయ్యోయ్! ఎగిరింది! ఇంకా దిగలేదు!"

వీధి ఆ చివరికంటా వినపడింది కేక. శ్మశానం నుంచి నల్లబట్టల్లో నెమ్మదిగా నడిచొస్తున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎనికో మాత్రం చూసుకోలేదు. అది వాళ్ల నాన్న దెజ్యో గొంతు. తల్లి శవపెట్టె మీద మొదటి గుప్పెడు మట్టి పడ్డప్పుడు పక్కనే ఉన్నాడు, రెండో గుప్పెడు పడేసరికి లేడు. ఎటు పోయాడా అని వెతుక్కుంటూ వస్తోందా, తీరా చూస్తే ఇంటి గేటు దగ్గర నల్లకోటు గుండీలన్నీ తీసేసి, ఒక చేతిలో పాలింకా సారా సీసా, రెండో చేతిలో చిన్న గ్లాసు పట్టుకుని, సైకిల్ మీద పోయే పోస్టుమాన్ని కూడా ఆపి మరీ పిలుస్తున్నాడు పెద్దమనిషి.

"రండ్రా, రండి! మొహాలు అలా పెట్టుకుంటారేం? ఇవాళ మా ఇంట్లో గెలుపు విందు!"

దెజ్యో కోతలరాయుడని తీసా నది ఒడ్డున ఆ నాలుగూళ్లకీ తెలుసు. చేపని పడితే పడవంత అంటాడు, వాన పడితే బాతులు మునిగిపోయాయంటాడు. భార్య సంగతెత్తితే ఇక చెప్పక్కర్లేదు. అయితే ఆ భార్య నిజంగానే గొప్ప మనిషి. చోర్బా ఎటెల్కా అంటే ఈటె విసరడంలో మూడుసార్లు హంగరీ దేశపు ఛాంపియన్. ఆ తర్వాత భుజం పాడై, ఊరి బడిలో ఆడపిల్లలకి ఆటలు నేర్పుతూ ఉండిపోయింది. బుధవారం పొద్దున కన్నుమూసింది. ఇవాళ శనివారం. ఈ మధ్యలో దెజ్యో గొంతులో సారా చుక్క తప్ప రొట్టెముక్క దిగలేదు. "ఆయన గుండె అసలే అంతంతమాత్రం. ఇలాగే ఉంటే అమ్మ వెనకాలే పోతాడు. ఎలాగోలా తినిపించమ్మా" అని డాక్టరు నిన్న ఎనికోకి గట్టిగా చెప్పి వెళ్లాడు.

చెప్పడం తేలికే. దొడ్లో బల్లలు వేసి ఉన్నాయి, కోడి సూపు పొగలు కక్కుతోంది, పక్కింటి వింత్సె తెల్లారగట్ల నుంచీ ఇనప డేగిసాలో గొర్రెమాంసం కారంగా వండుతున్నాడు. చావు భోజనాన్ని వాళ్లు తోర్ అంటారు. తోర్‌లో పోయినవాళ్లకి కూడా ఒక పళ్లెం, ఒక గ్లాసు పెడతారు. ఇంటి పెద్ద కూర్చుని గ్లాసెత్తేదాకా ఎవరూ చెంచా ముట్టరు. ఆ ఎత్తిన గ్లాసుని ఇంకో గ్లాసుకి తగిలించరు కూడా. ఆ గలగల పెళ్లిళ్లకీ, గెలుపులకీ. పోయినవాళ్ల పేరు మీద చప్పుడు లేకుండా తాగాలి.

దెజ్యో కూర్చోడే! బల్ల మొదట్లో నిలబడి, గ్లాసు చాచి, "ఏదీ, తగిలించండి" అంటాడు.

ఎవరూ తగిలించలేదు. దగ్గరున్నవాళ్లు గ్లాసులు గుండెకి ఆనించుకుని నేల చూశారు.

"సరే, ఎందుకు తగిలించాలో చెబుతాను, వినండి" అని మొదలుపెట్టాడు. "మొదట్లో పెద్ద విశేషమేం కాదు. అప్పటికి ఎటెల్కాకి పదహారేళ్లు, కాలవకి అవతల బాతుల్ని మేపుకుంటోంది, నేను ఇవతల బీట్‌దుంపల ట్రాక్టరు తోలుకుంటూ, కొత్త టోపీ ఒకటి పెట్టుకుని, దాన్ని చూసి ఈల వేశాను. వేశానో లేదో, ఒక కర్ర వచ్చి నా టోపీని తీసుకుపోయింది. జుట్టు చెదరలేదు! టోపీ ఒక్కటే పోయింది!"

"ఆ టోపీ నాది" అన్నాడు వింత్సె డేగిసా కలుపుతూ. "నా దగ్గర అడుక్కుని పెట్టుకెళ్లాడు. ఇప్పటికీ తిరిగివ్వలేదు."

ఒకళ్లిద్దరు నవ్వారు. ఎనికో కూడా నవ్వబోయింది గానీ, నాన్న చేతిలో గ్లాసు ఒరిగిపోయి ఉంది. సారా మణికట్టు మీదుగా చొక్కా లోపలికి కారుతున్నా ఆయనకి తెలియడం లేదు.

"ముందు సూపు తాగు నాన్నా. తాగుతూ చెబుదువు గాని."

"ఆగవే, ఇంకా జిల్లా పోటీలకే రాలేదు! జిల్లా పోటీల్లో ఏమైందో తెలుసా? విసిరింది. కొలిచేవాడు టేపు పట్టుకుని బయల్దేరాడు. టేపు అయిపోయింది. మా అత్తగారి బట్టలారేసుకునే తాడు ఇచ్చాం, అదీ అయిపోయింది. గుర్రం పగ్గాలు ముడేశాం, చర్చి గంట తాడు విప్పుకొచ్చాం, ఆ పూట ఊళ్లో గంటే కొట్టలేదు! కొలిచేవాడు పొద్దున పోయినవాడు మర్నాడు పాల వేళకి తిరిగొచ్చాడు, గడ్డం పెరిగిపోయి, పక్క జిల్లా పిల్లని పెళ్లి కూడా చేసుకుని!"

"ఒక్క రాత్రిలో గడ్డమూ పెళ్లీనా? చాల్లే బావా" అన్నాడు వింత్సె.

"పిల్ల వాళ్లకి తొందర! మధ్యలో అడ్డు రాకు. ఇక బుడాపెస్ట్. పెద్ద స్టేడియం, జనం చీమల బారు. మా ఎటెల్కా పరిగెత్తుకొచ్చింది, చెయ్యి వెనక్కి పెట్టింది, వదిలింది. గోడ దాటింది! అవతల పసుపుపచ్చ ట్రామ్ పోతోంది, దాని నెత్తిన కసుక్కున దిగింది. ట్రామ్ ఆగదుగా? దాన్నేసుకుని వంతెన దాటి అవతలి ఒడ్డుకి పోయింది. కండక్టర్ పైకెక్కి ఈటెని టిక్కెట్టు అడిగాడు. జడ్జీలు వెనకాల ఇంకో ట్రామ్ ఎక్కి, మీటర్లు మానేసి స్టాపులు లెక్కపెట్టారు. ఇంతకీ ఎన్ని స్టాపులో తెలుసా?"

ఎవరూ అడగలేదు. మామూలు రోజైతే పది గొంతులు లేచేవి. సూపు మీద కొవ్వు తెల్లగా పేరుకుంటోంది. పిల్లల్ని తల్లులు మోకాళ్ల మధ్య నొక్కి పట్టుకున్నారు.

దెజ్యో ఆ నిశ్శబ్దం విని తడబడ్డాడు. చూపు ఒకసారి ఖాళీ కుర్చీ మీదకి, దాని ముందున్న పళ్లెం మీదకి పోయి, నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చింది. వెంటనే గొంతు ఇంకాస్త పెంచాడు. అప్పుడు అర్థమైంది ఎనికోకి. నాన్న జనానికి చెప్పడం లేదు. కథ ఆగిందంటే కూర్చోవాలి. కూర్చుంటే ఇది తోర్ అయిపోతుంది. అందుకని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు, వరద రోజు గట్టు మీద ఇసక మూటలు పేర్చినట్టు.

"ఇవన్నీ ఉత్తుత్తివి. అసలుది ఎనభై నాలుగులో. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్! పెట్టె సర్దుకుంది, కొత్త బట్టలు ఒంటి కొలతకి కుట్టించుకుంది. ఇదిగో ఈ గుమ్మంలోనే బూట్లు తుడుచుకుంటుంటే రేడియోలో చెప్పారు, మనవాళ్లు ఎవరూ వెళ్లడం లేదని. దేశాల మధ్య గొడవలట, పెద్దవాళ్లు పెద్దవాళ్లు తేల్చేసుకున్నారు. మా ఎటెల్కా నోరెత్తలేదు. బూట్లు తుడవడం పూర్తి చేసింది. ఈటె తీసుకుని తీసా గట్టెక్కింది. నన్ను వెళ్లనివ్వకపోతే మానె, దీన్ని ఎవరాపుతారో చూస్తానంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు దెజ్యో" అంది ఒక ఆడగొంతు. బల్ల చివర కూర్చున్న పొడుగాటి ముసలామె. సెగెద్ నుంచి బస్సు మారి మారి వచ్చిన హజ్నల్. ఎటెల్కాతో పాటు పదేళ్లు ఈటె విసిరి, ఎప్పుడూ ఆమె వెనక రెండోదిగానే నిలిచిన మనిషి. "చెప్పు, వింటున్నా."

"విసిరింది! నది దాటింది, వియన్నా దాటింది, అక్కడివాళ్లు కాఫీ కప్పులు పట్టుకుని తలలు వంచుకున్నారు. ఆల్ప్స్ కొండల్లో ఒక మేకకి కొమ్ము గీరుకుంది. సముద్రం మీద ఓడవాళ్లు చూసి టోపీలు తీశారు. రాత్రయితే చంద్రుడి వెలుగులో పోయింది, పగలైతే కొంగలు దారి చూపించాయి. సరిగ్గా లాస్ ఏంజెలెస్ మైదానం మధ్యలో, ఆడవాళ్ల పోటీ జరుగుతుంటే, దిగబోయి... దిగలేదు!"

"దిగలేదా?"

"ఎలా దిగుతుంది? జడ్జీ కాగితం చూసి, చోర్బా ఎటెల్కా ఇక్కడ లేదు, లేనివాళ్ల ఈటె ఇక్కడ దిగడానికి వీల్లేదు అన్నాడు. అది విని ఈటె మళ్లీ పైకి లేచిపోయింది. అప్పట్నుంచీ తిరుగుతూనే ఉంది. ఈ రెండేళ్లూ మంచం మీద పడుకుని కిటికీలోంచి ఎటెల్కా ఆకాశం ఎందుకు చూసేదనుకున్నారు? దాని కోసమే! బుధవారం పొద్దున కనపడింది. కనపడగానే, దెజ్యో, నే వెళ్లి తెచ్చుకుంటానంది." బలవంతాన నవ్వు తెచ్చుకున్నాడు. "తెచ్చుకోడానికి వెళ్లింది, అంతే. దీనికి ఏడుస్తారేం? వచ్చేస్తుంది. మీరు గ్లాసు తగిలించండి. ఒక్కరు తగిలిస్తే చాలు. తగిలిస్తే కూర్చుంటాను, ఒట్టు, తింటాను."

గాలికి బల్లమీది గుడ్డ అంచు టపటప కొట్టుకుంది. ఒక్క గ్లాసూ ముందుకి రాలేదు.

ఎనికో తన గ్లాసు చూసుకుంది. ఒక్కసారి టింగుమంటే నాన్న తింటాడు, ఒట్టేశాడు. తప్పేముంది? ఊరంతా చూస్తుంది, చూడనీ. కానీ ఆ చప్పుడు అయ్యాక అమ్మ పోయినట్టు కాదు, బయటికి వెళ్లినట్టు. రేపు కూడా గేటు దగ్గర నిలబడతాడు. ఎల్లుండీ నిలబడతాడు. అయినా తినడమంటూ జరుగుతుందిగా! చెయ్యి దానంతటదే లేచింది. గ్లాసు సగం దూరం పోయింది. తండ్రి కళ్లు ఆ గ్లాసు మీదే ఉన్నాయి, పసిపిల్లాడి కళ్లలా.

"ఎనికో, దించు తల్లీ" అంది హజ్నల్.

మెల్లగానే అంది. బల్ల పట్టుకుని లేచి, దెజ్యో ఎదురుగా వచ్చి నిలబడింది.

"దెజ్యో, నీ కథంతా నమ్మాను. ట్రామ్ నమ్మాను, మేక కొమ్ము నమ్మాను. ఓడవాళ్లు టోపీలు తీశారంటే నేనూ తీశాను. ఆ చివరి ముక్క ఒక్కటి నమ్మలేను."

"ఏ ముక్క?"

"ఎటెల్కా ఈటె తెచ్చుకోడానికి వెళ్లిందన్నావే, అది. మేమంతా సాధన చేసేటప్పుడు విసరడం, నడిచెళ్లి తెచ్చుకోవడం, మళ్లీ విసరడం. రోజంతా అదే పని. మోకాళ్ల దాకా బురద. అందరం మాది మేమే తెచ్చుకునేవాళ్లం. మీ ఆవిడ ఏనాడైనా తెచ్చుకుందా?"

దెజ్యో నోరు తెరిచాడు. హజ్నల్ చెప్పనివ్వలేదు.

"గీత దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని మహారాణిలా నిలబడేది. వానలో, మంచులో ఎవడు పోయేవాడయ్యా? చంకలో ఒకటి, భుజం మీద ఒకటి వేసుకుని, ఊడిపోయే బూట్లతో ఎవడు పరిగెత్తుకొచ్చేవాడు? మేం పడీ పడీ నవ్వేవాళ్లం. లోపల కుళ్లుకునేవాళ్లం కూడా, మాకలాంటోడు దొరకలేదని. ఎనభై నాలుగులో గట్టు మీద నేనూ ఉన్నాను. ఈటె వింత్సె వాళ్ల చేపల వలల్లో పడింది, నీళ్లలో దిగి తెచ్చింది నువ్వే. అది ఆకాశంలో కనపడి ఉంటే, దెజ్యో, తను లేచేది కాదు. నిన్ను పంపించేది."

వింత్సె డేగిసాలో గరిటె ఆపేశాడు.

"నిన్ను పంపలేదు" అంది హజ్నల్. "అంటే తెచ్చుకోడానికేం వెళ్లలేదు. పోయింది, నాయనా. పోయిందంతే."

దెజ్యో చాచిన గ్లాసు అలాగే గాల్లో ఉంది. ఎదురుగా మాట్లాడే మనిషిని మాటతో పడగొట్టడం ఆయనకి ఎప్పుడూ లెక్కకాదు. హజ్నల్ మాటకి జవాబు కోసం లోపలంతా వెతుకుతున్నాడని ఎనికోకి తెలుస్తోంది. దొరికితే ఇంకో కథ మొదలవుతుంది.

"వలలు చిరిగాయి కూడా" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "వింత్సె వాళ్ల నాన్న తిట్టాడు."

"తిట్టాడు" అన్నాడు వింత్సె.

దెజ్యో గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. ఎవరి గ్లాసుకీ తగిలించకుండా, చప్పుడు లేకుండా తాగాడు. బల్లలమ్మట జనం అంతా అలాగే తాగారు. తర్వాత వెనక్కి చూడకుండా తడుముకుని, కుర్చీ దొరకబుచ్చుకుని, ఖాళీ పళ్లెం పక్కన కూలబడ్డాడు. కోతల్లో ఆరడుగులుండే మనిషి కూర్చుంటే ఎంతో లేడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. హజ్నల్ ఆయన వీపు మీద చెయ్యి వేసి అక్కడే కూర్చుంది.

ఎనికో సూపు పోసింది. చెంచా నింపి పట్టుకుంటే, తండ్రి దాన్ని లాక్కుని తనే తాగాడు. ఒక చెంచా. కాసేపటికి ఇంకోటి.

"చల్లారిపోయింది" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "ఉప్పు కూడా లేదు."

"గంటసేపు ట్రామ్‌లెక్కించి ఇప్పుడు ఉప్పంటావేం బావా? నోర్మూసుకుని తిను" అన్నాడు వింత్సె, కళ్లల్లో పొగ పడ్డట్టు మొహం తిప్పుకుంటూ. మాంసం డేగిసా ఎత్తి బల్ల మధ్యలో పెట్టాడు. ఎవరో రొట్టె విరిచారు. బెంచీలు కిర్రుమని ముందుకు జరిగాయి. తల్లులు పిల్లల్ని వదిలేశారు, గేటు దగ్గర టోపీ పట్టుకుని ఇంకా నిలబడే ఉన్న పోస్టుమాన్ని కూడా లోపలికి లాగి కూర్చోబెట్టి, అందరూ కలిసి తినడం మొదలుపెట్టారు.