నారపేయి లోపలి మనిషి

ఉడుమలైపేట బస్టాండు వెనక కాంతమ్మాళ్ నడిపే టీకడై, చిన్న టీకొట్టు, ఉంది. అక్కడి బెంచీ మీద రత్నసభాపతి కూర్చున్నాడంటే, లేచేది కోతలు అయిపోయాకే గాని టీ అయిపోయాక కాదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పదెకరాల కొబ్బరితోట, దానికి తగ్గ నోరు. ఈ పొద్దు ఆయన ఎదురుగా కోయంబత్తూరు నుంచి వచ్చిన శ్రీరంజని అనే పిల్ల కూర్చుంది.

ముప్పై ఏళ్ల కింద ఈ ఊళ్లో తీసిన ‘నారపేయి’ అనే సినిమా అంటే ఆ పిల్లకు పిచ్చి. పీచు మిల్లు యజమాని, అదే ముదలాళి, ఒక కూలివాణ్ణి చంపి పూడ్చేస్తే, వాడు ఒళ్లంతా కొబ్బరిపీచుతో పేయై, అంటే దయ్యమై లేచి పగ తీర్చుకుంటాడు. థియేటర్లో నాలుగు రోజులే ఆడింది. ఇప్పుడు కుర్రకారు ఏటా ఒక హాలు పట్టి, దానిలోని తప్పులకే చప్పట్లు కొడుతూ చూస్తున్నారు. ఈ ఆదివారం ఆ పేయి వేషం వేసిన మనిషిని వేదిక ఎక్కించి మాల వేయాలని వాళ్ల కోరిక. తెరమీద పేరు వేయలేదు గనుక, శ్రీరంజని వెతుక్కుంటూ వచ్చింది.

మాల అనగానే సభాపతికి ప్రాణం లేచొచ్చింది. పెళ్లినాడు తప్ప ఆయన మెడలో ఎవరూ మాల వేసిన పాపాన పోలేదు. ఆ వేదిక మీద తాను కూర్చోవాలి, అంతే.

“నేనే అమ్మిణీ ఆ పేయి,” అన్నాడు. “పద్దెనిమిది కిలోల పీచు. మదరాసు నుంచి వచ్చిన నటుడు తొడుక్కొని రెండడుగులేసి కూలబడె. సరి, ఊరి పరువు గదా అని నేను తొడుక్కొంటిని.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అంది కాంతమ్మాళ్, టీ తిరగబోస్తూ.

“నమ్మకేమి? అప్పురం ఏమాయెనో తెల్సునా? ఆ పీచు ఒంటికి అతుక్కొనె! మూడు దినాలు ఊడి రాలె. అట్లే ఇంటికి పోతిని, అట్లే అన్నం తింటిని, అట్లే పండుకొంటిని. పళని బస్సు నన్ను చూసి తనంతట తానే వెనక్కి పోయె. డ్రైవరు అప్పటికే దూకేసుండె గదా!”

బెంచీ చివర, ఊరి తోటలన్నిటా చెట్లెక్కి కాయలు దింపే అప్పసామి టీ ఊదుకుంటున్నాడు. సభాపతి కోతలకు ఆయన ఎన్నడూ అడ్డుచెప్పలేదు. చెప్పి గెలిచినవాడూ లేడు.

“ఒక సీనులో పేయి పరిగెత్తుతా ఉన్నట్టుండి మాయమైపోయి, మళ్లీ అదే చోట కనపడతాది గదా మామా,” అంది శ్రీరంజని. “అది ఎడిటింగ్ తప్పా?”

“తప్పా! అప్పుడు నేను కొండల అవతల తేని ఊళ్లో ఉంటిని, అమ్మిణీ. చెట్టుమీంచి చెట్టుకి దూకమనె డైరెక్టరు. దూకితిని. వేగం ఆగలె, తేని దాకా పోతిని. అక్కడ ఏలక్కాయ సంత. గుప్పెడు నోట్లో వేసుకొని, డైరెక్టరు ‘కట్’ అనేలోపల వచ్చి నిలబడితిని. బాగా చూడు, ఆ సీనులో నా నోరు ఆడతా ఉంటాది!”

శ్రీరంజనికి నవ్వు ఆగలేదు. “సరే మామా, పగ ముదలాళి మీదైతే పేయి వంటవాణ్ణీ, డ్రైవరునీ, పోస్టుమానునీ చంపి ముదలాళినే మరిచిపోతాదేమి?”

“మరిచిపోలె. ఆ ముదలాళి వేషగాడు నా ఎదుటికి రానని ఏడ్చె. అది పోనీ, అప్పురం ఏమాయెనో తెల్సునా? నిజం పేయిలు, ఏడు మంది, మా తోటలోకి వచ్చి చేతులు కట్టుకొని నిల్చిరి. ‘సామీ, మీరు వచ్చినాక మమ్మల్ని చూసి బిడ్డలు కూడా జడవడం లేదు, మా పొళప్పు పోయె, కూడు పోయె’ అని ఒకటే ఏడుపు. నేనే ధైర్యం చెప్పి, మజ్జిగ పోసి పంపితిని.”

“పేయిలకే మజ్జిగ పోస్తివా!” అంది కాంతమ్మాళ్.

“ఉప్పేసి మరీ పోస్తిని.”

శ్రీరంజని ఫోను తీసి ఒక సీను పెట్టింది. తెరమీద పీచు పేయి కొబ్బరిచెట్టెక్కి కిందికి కాయలు విసురుతూ ఉంది. “ఇదంటే మాకు ప్రాణం మామా. పగతో ఊగిపోతా కూడా, ఒక్కొక్క కాయనీ తట్టి చూసి ముదురు కాయలే తెంపుతాది. ఎందుకని?”

“అదే నటన! నేను తట్టింది కాయని కాదు అమ్మిణీ, వాళ్ల తలరాతని!”

“లేత కాయ దింపితే తోటకి పాపం గదా,” అన్నాడు అప్పసామి, టీ గ్లాసులోకి చూస్తూనే. “ఆ ముసుగులో కండ్లు కనపడలె. అందుకే తట్టి చూసుకొంటిని.”

బెంచీ అంతా అప్పసామి వైపు తిరిగింది. సభాపతి మాత్రం తొణకలేదు. “నేను చెప్పిందే వాడు చెప్తున్నాడు,” అన్నాడు.

అప్పటికి కాంతమ్మాళ్ ఫోను మీదికి వంగింది. చెట్టు కింద ఎవరో చేతులెత్తి పరిగెత్తుతున్నాడు. నడుముకు కట్టిన వేట్టి ఊడిపోయింది. చారల నిక్కరుతోనే పరుగు. మధ్యలో ఒక్కసారి వెనక్కి తిరిగాడు, ముఖం నిండుగా కనపడింది.

“ఈయన కోసం కూడా మూడేండ్లుగా వెతుకుతున్నాము,” అంది శ్రీరంజని. “షూటింగని తెలియక నిజంగానే జడుసుకొన్న మనిషంట. ఈయన రాగానే హాలంతా లేచి నిలబడతాది. పేయి కంటే ఈయనకే చప్పట్లు ఎక్కువ.”

కాంతమ్మాళ్ ఫోనులోకి ఒకసారి, బెంచీ మీదికి ఒకసారి చూసింది.

“చెట్టుమీద పేయి నువ్వైతే, కింద వేట్టి వదిలేసి పరిగెత్తేది ఎవరు, సభాపతణ్ణా?”

నవ్వులకు కడై రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. సభాపతికి చెవులు వేడెక్కాయి. ఆ రోజు ఆయన మిల్లులో దూరి తలుపేసుకుని, మూడు దినాలు జ్వరంతో పడుకున్నాడు. ఇంటివాళ్లు మంత్రం వేయించారు. ఆ పరుగు ఎవరికీ గుర్తు రాకూడదనే ముప్పై ఏళ్లుగా ఇన్ని కోతలు కోశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అయినా మాల మీది ఆశ చావలేదు.

“హాలంతా లేస్తాదా అమ్మిణీ?” అన్నాడు, నెమ్మదిగా.

“ఒక్కరు కూర్చుంటే ఒట్టు మామా.”

సభాపతి అప్పసామి వైపు చూశాడు.

“సరి, వస్తాను. మాల ముందు వానికే వేయండి,” అన్నాడు. “నా ఎదుట వానికి ఆ పీచు మాత్రం తొడగొద్దండి.”